లారీ అడుగు బొగ్గు

ఆశాజ్యోతిని నేను మొదటిసారి చూసింది ఆమెను ఓడించిన రోజునే. అది తప్పు పద్ధతి. ఏ వ్యాపారంలోనైనా మొదటి బేరంలో అవతలి మనిషికి కొంచెం వదలాలి. అప్పుడే రెండోసారి వస్తారు. ఆ రోజు నేను ఏమీ వదల్లేదు.

వన్ టౌన్‌లో మా బొగ్గు దుకాణం ఉన్న వీధి చివర వర్తక సంఘం మేడ ఉంది. ఏటా జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్న అక్కడ డిబేట్ పెడతారు. ఈ ఏడు విషయం: భూమి వేడెక్కడానికి మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడే కారణమా, కాదా. అవునని చెప్పడానికి యూనివర్సిటీలో సముద్రం మీద పరిశోధన చేసే ఒకమ్మాయి ఒప్పుకుంది. కాదని చెప్పడానికి ఎవరూ దొరకలేదు. సంఘం సెక్రటరీ అర్జునరావు గారు మా దుకాణం ముందు స్కూటర్ ఆపారు.

"తాతబాబూ, నువ్వు బొగ్గమ్ముతావు. ఈ పనికి నీకన్నా అర్హత ఎవుడికుంది?"

నాకు ఇరవై తొమ్మిదేళ్లు. తాతబాబు అనేది మా తాత పేరు. ఆ పేరుతో స్కూల్లో నెగ్గుకొచ్చినవాడికి డిబేట్ ఒక లెక్క కాదు. ఒప్పుకున్నాను.

రెండు రోజులు ఫోన్‌లో వెతికాను. నా పక్షానికి పనికొచ్చే సరుకు కొంత దొరికింది. పనికిరాని సరుకు దానికి పదింతలు దొరికింది. దాన్ని పక్కన పెట్టాను. అమ్మేవాడు సరుకులో లోపం తనే ఎత్తి చూపించడు కదా.

ఆదివారం ఆమె ముందు మాట్లాడింది. ఆకుపచ్చ చుడీదార్, భుజాన బరువైన బ్యాగు, ఎండకి కమిలిన ముక్కు. పది నిమిషాలు శ్రద్ధగా, నిదానంగా చెప్పింది. మా వర్తకులు అంతే శ్రద్ధగా ఆవలించారు.

తర్వాత నేను లేచాను.

"గాలిలో ఈ కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో తెలుసా? పదివేల పాళ్లలో నాలుగు పాళ్లు. పూర్ణా మార్కెట్‌లో పదివేల మంది ఉంటే, అందులో నలుగురు అరిస్తే ఎవరికైనా వినిపిస్తుందా?"

హాలంతా నవ్వింది. వెంటనే గోడ మీద ఒక గ్రాఫ్ వేయించాను. 1998 నుంచి 2012 దాకా. గీత దాదాపు చదునుగా ఉంది.

"చూడండి. పద్నాలుగేళ్లు భూమి పడుకుంది. మా బొగ్గు మాత్రం ఒక్కరోజు కూడా పడుకోలేదు."

చప్పట్లు. ఆమె లేచి అడిగింది. "ఆ పద్నాలుగేళ్లే ఎందుకు తీసుకున్నారు?"

"మేడమ్ గారికి ఏ సంవత్సరాలు నచ్చుతాయో ముందే చెప్పుంటే అవే తెచ్చేవాణ్ణి."

మళ్లీ నవ్వులు. బెల్లు మోగింది. చేతులెత్తించి లెక్కపెట్టారు. నాకు ముప్పై ఒకటి, ఆమెకు తొమ్మిది. ఆమె నన్ను ఒకసారి చూసింది. కోపం లేదు. తూకంలో మోసం జరిగిందని తెలిసి, ఎక్కడ జరిగిందో ఇంకా తేలని మనిషి చూపు అది.

వెనక వరసలో నాకోసం అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టిన పెద్దాయన దగ్గరకొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. తాడు లాగి లాగి గట్టిపడ్డ చెయ్యి.

"బాబూ, నా పేరు పైడయ్య. హార్బర్లో బోటుంది. మా పిల్ల నోరు మూయించినోడు ఇంకా పుట్నేదనుకున్నాను. సముద్రమంత సముద్రం, మడిసి పొగకి వేడెక్కుద్దేటి? నలభై ఏళ్ల నుంచి సూత్తన్నాను."

"మీ పిల్లా?"

"ఇప్పుడు నువ్వు ఓడగొట్టింది నా కూతుర్నే."

"నాన్నా, ఆటో వచ్చింది," అంది ఆశాజ్యోతి గుమ్మం దగ్గర నుంచి. నా వైపు చూడలేదు.

మంగళవారం పదకొండు గంటలకి ఆమె మా దుకాణానికి వచ్చింది.

"మీరు బొగ్గు ఎలా కొంటారో చూడాలి," అంది.

"ఎందుకండీ?"

"ఓడిపోయినదాన్ని. గెలిచినవాళ్ల దగ్గర ఏదైనా నేర్చుకుందామని."

ఇందులో ఏదో ఉందని వ్యాపారికి తెలియాలి. తెలిసింది కూడా. కానీ ఆమె నవ్వితే ముక్కు మీద కమిలిన చోట చిన్న ముడత పడుతోంది. నేను దాన్ని చూస్తూ ఉండిపోయాను. "రండి, గాజువాక దగ్గర మా యార్డుకి లారీ వచ్చే టైమే," అన్నాను.

నేను బైక్ మీద, ఆమె స్కూటీ మీద. దారిలో నన్ను రెండుసార్లు దాటింది.

యార్డులో మా మేస్త్రీ జగ్గయ్య పార పట్టుకుని లారీ పక్కన నిలబడ్డాడు. ఆకాశం మబ్బు పట్టింది. అతని దగ్గర పార అందుకుని, లారీ ఎక్కి ఆమెకు చెయ్యి అందించాను. నా చెయ్యి పట్టుకోకుండా టైరు మీద కాలేసి ఎక్కేసింది.

"పైన మెరుస్తున్న గడ్డలు చూశారా? లోడ్ చేసేవాళ్లు ఏరి మరీ పరుస్తారు, చూసేవాళ్ల కోసం. అసలు సరుకు కింద ఉంటుంది. మట్టి, రాయి, తడి అన్నీ అడుగునే. అందుకని మేం పైపొర తీసేసి, ఎనిమిది చోట్ల అడుగుదాకా తవ్వుతాం. ఆ బొగ్గంతా కలిపి నలగ్గొట్టి, కుప్ప చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసుకుంటాం. అలా తగ్గించుకుంటూ పోతే చివరికి దోసెడు మిగులుతుంది. ఆ దోసెడే లారీ మొత్తం సంగతి చెప్తుంది."

"పైనుంచే ఒక దోసెడు తీస్తే?"

"అలా తీసేవాడు మా లైన్లో ఆరు నెలలు నిలవడు."

"మరి మొన్న మీటింగులో మీరు తీసింది అక్కణ్ణుంచే."

పార నా చేతిలోనే ఉంది. చినుకులు మొదలయ్యాయి.

"తొంభై ఎనిమిదిలో ఎల్ నినో వచ్చింది. ఆ ఏడు మామూలు కన్నా బాగా వేడి," అంది ఆమె. "అక్కణ్ణుంచి మొదలుపెడితే తర్వాత ఏళ్లలో వేడి పెరగనట్టే కనపడుతుంది. నూట నలభై ఏళ్ల పైచిలుకు లెక్కలున్నాయి. లారీ మొత్తం మీ ఫోన్లోనే ఉంది. మీరు చూశారా, చూడలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. జగ్గయ్య కూడా నేనేం చెప్తానా అని చూస్తున్నాడు.

"చూశాను. పక్కన పెట్టాను."

"బాగుంది," అంది. ఏది బాగుందో చెప్పలేదు.

వాన పెరిగింది. ముగ్గురం షెడ్డులోకి పరిగెత్తాం. రేకుల మీద చప్పుడుకి గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఈసారి గెలవడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగాను.

"వేడెక్కుతోంది సరే. అది మా పొగ వల్లేనని ఎలా తేలుస్తారు? సూర్యుడు కావచ్చు. అగ్నిపర్వతాలు కావచ్చు."

ఆమె నేల మీద నుంచి రెండు ముక్కలు తీసింది. "ఇది ఎక్కడి బొగ్గు?"

"తాల్చేరు."

"ఇది?"

"ఇండోనేషియా. ఓడలో వచ్చింది. తేలిగ్గా, కొంచెం గోధుమరంగుగా ఉంది చూడండి."

"గాలిలో కార్బన్‌కి కూడా ఇలాంటి గుర్తు ఉంటుంది. అందులో తేలిక రకం, బరువు రకం ఉన్నాయి. చెట్లు తేలిక రకాన్ని ఎక్కువ పీల్చుకుంటాయి. బొగ్గు ఒకప్పటి చెట్టే కాబట్టి కాలిస్తే ఆ తేలిక రకమే ఎక్కువ వస్తుంది. గాలిలో ఏటేటా వాటా పెరుగుతున్నది దానిదే. ఇంక అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏడాదికి వదిలేది మనం వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా ఉండదు. సూర్యుడంటారా? సూర్యుడైతే పైన పొరల్లో గాలి కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది. దుప్పటి కప్పుకుంటే వేడి లోపలే ఉంటుంది, బయటికి తక్కువ పోతుంది. అదే సంగతి."

"కానీ పదివేలలో నాలుగు..."

"మీకు ఉక్కు సంగతి తెలుసా?"

"మా పెదనాన్న స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్లు చేశాడు."

"మంచి గ్రేడు ఉక్కులో భాస్వరం ఎంత దాటితే వద్దంటారు?"

నాకు తెలుసు. చిన్నప్పుడు పెదనాన్న భోజనాల దగ్గర ఇవే మాట్లాడేవాడు. రేకుల వైపు చూశాను.

"చెప్పండి."

"పదివేలలో నాలుగు."

"దాటితే?"

"పెళుసుబారుతుంది. విరిగిపోతుంది."

"అయితే నలుగురు అరిస్తే వినిపిస్తుందన్నమాట."

జగ్గయ్య బీడీ ముట్టించబోయి ఆగి, "బాబు గారూ, ఈ లోడు ఎనక్కి పంపీమంటారా?" అన్నాడు. ఏ లోడు గురించి అడిగాడో నేను అడగలేదు.

ఆ రోజు ఇంటికెళ్లి లెక్క చూసుకుంటే, నా దగ్గర నుంచి ఒక వాదన పోయింది, ఒక మనిషి మీద మనసు పుట్టింది. లాభమే అనిపించింది.

తర్వాత నెలరోజులు ప్రతి శనివారం పొద్దున్న నాకు ఫిషింగ్ హార్బర్లో పని ఉండేది. ఆశాజ్యోతి వాళ్ల నాన్న బోటుకి థర్మామీటర్ కట్టి పంపేది. బోటు తిరిగొచ్చాక జెట్టీ మీద కూర్చుని అంకెలు ఎక్కించుకునేది. నేను పక్కన టీ గ్లాసు పట్టుకుని నిలబడేవాణ్ణి.

"బావా," అన్నాడు నా స్నేహితుడు నాగబాబు. అతనికి అక్కడ డీజిల్ బంకుంది. "బొగ్గమ్మేవోడికి సేపల జెట్టీలో పనేటి?"

"మార్కెట్ చూస్తన్నాను."

"మార్కెట్టు అటుంది. నువ్వు ఇటు సూత్తన్నావు."

పైడయ్య గారికి మాత్రం నేనంటే ప్రాణం. "ఇంట్లో నా మాట ఎవులూ ఇనరు బాబూ," అనేవారు వల విదిలిస్తూ. "ఆ థర్మామీటరు దించేది నాను, లాగేది నాను. అంకె రాసి పంపితే, సూసేవా నాన్నా, అంటాది. ఏటి సూడాల? సేపల్ని పెద్ద బోట్లోళ్లు ఎత్తుకుపోతన్నారు. వేడి గోలేటి మజ్జిన?"

నేను అవుననకుండా, కాదనకుండా టీ తాగేవాణ్ణి. ఆశాజ్యోతి పెన్ను ఆపి నన్ను చూసేది. నేను గ్లాసులోకి చూసేవాణ్ణి.

జూలై చివర్లో ఒక శనివారం కుండపోతగా కురిసింది. ఇద్దరం ఐసు పెట్టెల మీద కట్టిన టార్పాలిన్ కింద ఇరుక్కున్నాం. ఆమె జడ చివర నుంచి నా మోచేతి మీద నీళ్లు కారుతున్నాయి. కదిలితే ఆగిపోతాయని కదల్లేదు. అప్పుడే అడిగేశాను.

"మనం పెళ్లి చేసుకుందామా?"

ఆమె సముద్రం వైపు చూసింది.

"మీరంటే నాకిష్టమే. ఇబ్బంది అక్కడే ఉంది."

"ఇబ్బందేంటి?"

"మీరు కొనేటప్పుడు అడుగుదాకా తవ్వుతారు. అమ్మేటప్పుడు పైన మంచివి పరుస్తారు. ఏ పక్షం ఇచ్చినా బాగా మాట్లాడతారు. నాన్న దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి. టీ గ్లాసు మీకు బాగా అలవాటైంది. రేపు నా పక్షాన కూడా అంతే బాగా మాట్లాడతారు. అది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?"

నాకూ తెలీదని చెప్పాను.

"మా ఇంటికి రండి. నాన్నని అడగండి," అంది.

"ఆయనకి నేనంటే ఇష్టమే కదా. అది సులువు."

"అవును, సులువే," అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మా నాన్న లేడు. మా అమ్మ కాశమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. జాలర్లతో సంబంధమేటని మా వాళ్లలో ఎవరో అన్నారు. మూడో రోజు పొద్దున్న కొత్త చీర కట్టుకుని వచ్చి, "మనం బొగ్గులోళ్లం, వాళ్లు సేపలోళ్లు. ఎవుల సేతులు తెల్లగున్నాయని? పద," అంది.

ఆదివారం వెళ్లాం. హార్బర్ వెనక వీధిలో రెండు గదుల ఇల్లు, అరుగు మీద మడత పెట్టిన వల. పైడయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురొచ్చారు. ఆయన భార్య చిట్టమ్మ గారు టీ, బిస్కెట్లు ఇచ్చి గుమ్మం పక్కన కూర్చున్నారు. ఆశాజ్యోతి గోడకానుకుని నిలబడింది.

"నాకు ఒప్పుదలే అమ్మా," అన్నారు పైడయ్య గారు మా అమ్మతో. "కులం గిలం నాను సూడను. ఇంట్లో నా పక్కనుండి మాటాడేవోడు కావాల. ఆవేళ మీవోడు మాటాడేడు సూడండి. ఏటి బాబూ, మళ్లీ ఓపాలి సెప్పు. సముద్రం వేడెక్కేది మడిసి వల్లా?"

నా ముందు లెక్క తేటగా ఉంది. కాదు అంటే ఈ క్షణమే సంబంధం ఖాయం. ఆశాజ్యోతి నాన్న మాట దాటదు, నా మాట మాత్రం ఇక ఎప్పటికీ నమ్మదు. అవును అంటే ఈ ఇంట్లో నాకున్న ఒకే ఒక్క పక్షం పోతుంది.

టీ గ్లాసు కింద పెట్టాను.

"అవును మావయ్యా. మనిషి వల్లే. ఆవేళ నాను చూపించింది సగం కూడా కాదు. మిగతాది నాకు తెలుసు. తెలిసే దాచాను. గెలవాలని."

పైడయ్య గారి ముఖం చూడలేకపోయాను.

"నువ్వు సెప్పిన మాటలు హార్బర్లో నలభైమందికి సెప్పేను," అన్నారు నెమ్మదిగా. "పంతులు గారి కొడుకుతో తగువాడేను. నీ మాట మీద."

"తప్పు నాదే. వాళ్లందరికీ నానే చెప్తాను. మీరు చూపించండి, ఒక్కొక్కరి దగ్గరకీ వస్తాను."

ఆశాజ్యోతి గోడ దగ్గర నుంచే అడిగింది.

"అయితే బొగ్గు మానేస్తారా?"

ఆమె నన్ను బాగా తవ్వుతోందని అర్థమైంది. మానేస్తాను అంటే ఆ ముఖం ఎలా వెలుగుతుందో కూడా తెలుసు.

"రేపే మానలేను. యార్డులో ఆరు కుటుంబాలున్నాయి. ఇటుక బట్టీల వాళ్లు నన్ను నమ్ముకున్నారు. మానేస్తానని ఇప్పుడంటే బాగానే ఉంటుంది, కానీ అది లారీ పైన పరిచిన బొగ్గే అవుతుంది. పరవాడలో రెండో యార్డుకి స్థలం చూశాను. అది వద్దని శుక్రవారం చెప్పేశాను. అంతవరకే అయింది. తర్వాత ఏం అమ్మాలో ఇంకా తెలీదు."

"తెలీదా?"

"తెలీదు."

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

పైడయ్య గారు తల పట్టుకున్నారు. అప్పుడు చిట్టమ్మ గారు నోరు విప్పారు. "ఇన్నాళ్లూ మీరిద్దరూ కొట్టుకుంతన్నారు గానీ, నానెటు పక్కో ఎవులైనా అడిగేరా? పదేళ్ల కింద బుట్ట సేపలికి ఒక గంపెడు ఐసు ఏసేదాన్ని. ఇప్పుడు రెండేసినా మద్దినేలకి మెత్తబడిపోతన్నాయి. సముద్రం సంగతి నాకు తెల్దు. ఐసు సంగతి తెలుసు."

"అయితే నువ్వూ అటేనా? ఇంకేటి, ఈ ఇంట్లో నానొక్కణ్ణే మిగిలిపోనాను."

"నానున్నాను కదా అన్నయ్యా," అంది మా అమ్మ. "ఈ గొడవేటో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు."

ఆయన నవ్వలేదు. మా అమ్మ కొంగు సర్దుకుని లేచింది. "సరే, టీ తాగేం. వెళ్లొస్తాం." రమ్మని గానీ, ఉండమని గానీ ఎవరూ అనలేదు. నేనూ లేచాను. నిజం చెప్పి నష్టపోవడం నాకు కొత్త. గుండెలో ఎక్కడో తూకం పక్కకి ఒరిగిపోయినట్టుంది.

చెప్పులేసుకోబోతుంటే ఆశాజ్యోతి వచ్చింది. చేతిలో కంచం. వేడి అన్నం, పక్కన వంజరం చేప పులుసు. నేను కూర్చున్న చోట చాప మీద పెట్టింది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. సంబంధం కుదిరేదాకా ఆడపిల్ల ఇంట్లో టీ వరకే. అన్నం పెట్టరు, పెట్టినా తినరు. అన్నం ముట్టామంటే మాట అయిపోయినట్టే.

"ఎవులు పెట్టమన్నారు?" అన్నారు పైడయ్య గారు.

"ఎవరూ అనలేదు నాన్నా. నేనే పెట్టాను."

చిట్టమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకన్నా ముందు మా అమ్మకే అర్థమైంది. చెప్పులు విడిచి మళ్లీ లోపలికి వచ్చి కూర్చుంది.

"తాతబాబూ, సెయ్యి కడుక్కో."

కడుక్కుని కూర్చున్నాను. మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. నలుగురూ నన్నే చూస్తున్నారు.

"ఎలా ఉంది?" అంది ఆశాజ్యోతి.

చిట్టమ్మ గారి వైపు చూశాను. వండింది ఆవిడే. ఆశాజ్యోతి వైపు చూశాను.

"ఉప్పెక్కువైంది," అన్నాను.

ఆశాజ్యోతి ముక్కు మీద ముడత పడింది. పైడయ్య గారు నన్ను కింది నుంచి పై దాకా చూసి, భార్య వైపు చూడకుండా జాగ్రత్తపడుతూ నా పక్కన చాప మీద చతికిలబడ్డారు.

"ఇరవై ఎనిమిదేళ్లయింది మా పెళ్లయి. ఈ ముక్క నాను ఒక్కనాడూ అన్లేకపోనాను," అన్నారు. "అమ్మా, నాకూ ఒక కంచం ఎట్టు."